ఆన్‌లైన్ వేలం: పొగిడేవాళ్లు, తిట్టేవాళ్లు, మధ్యలో టమాటా రైతు

పెద్దతిప్పసముద్రం మండలంలో టమాటా కోత పడిందంటే ఆ సాయంత్రానికల్లా రైతు ఒక సంగతి తేల్చుకోవాలి. బాక్సులు ఏ మార్కెట్‌కు వేయాలి? దగ్గర్లో ములకలచెరువు ఉంది, కొంచెం ముందుకు పోతే అంగళ్లు, పెద్ద మార్కెట్ కావాలంటే మదనపల్లె. సరిహద్దు దాటితే కర్ణాటకలో చింతామణి, కోలారు. కుప్పం వైపు రైతులైతే వి.కోటకు వేస్తారు. ఎక్కడికి పోయినా అక్కడ జరిగేది వేలమే. మండీలో బాక్సులు వరుసగా దించుతారు, వ్యాపారులు కాయను చేత్తో తిప్పి చూస్తారు, పాట మొదలవుతుంది, కాసేపట్లో ముగుస్తుంది. నెలల తరబడి పడిన కష్టానికి ధర ఆ కాసేపట్లోనే తేలిపోతుంది.

ఈ పాటను మండీలో కాకుండా కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో పాడితే? ఆ ఆలోచనతోనే కేంద్ర ప్రభుత్వం 2016 ఏప్రిల్ 14న జాతీయ వ్యవసాయ మార్కెట్‌ను ప్రారంభించింది. ఈ-నామ్ అని పిలిచేది దాన్నే. మొదట 8 రాష్ట్రాల్లో 21 మార్కెట్లు చేరాయి. 2020 నాటికి ఆ సంఖ్య వెయ్యికి చేరింది. దీని సాఫ్ట్‌వేర్ తయారీ బాధ్యత తీసుకున్నది హైదరాబాద్‌కు చెందిన నాగార్జున ఫెర్టిలైజర్స్. ఆ తర్వాతి ఏళ్లలో పంటను ఫోన్‌లోనే అమ్మిపెడతామంటూ ప్రైవేటు స్టార్టప్‌లూ వచ్చాయి.

ఇలాంటిది ఏది వచ్చినా వెంటనే రెండు వర్గాలు తయారవుతాయి. ఒక వర్గానికి అది రైతు తలరాత మార్చే మంత్రం. ఇంకో వర్గానికి అది మండీలను ముంచే మాయ. పొగిడేవాళ్లు ఒక్క లోపాన్నీ ఒప్పుకోరు, తిట్టేవాళ్లు ఒక్క మేలునూ ఒప్పుకోరు. ఈ రెండు గొంతుల మధ్య రైతుకు నిజంగా కావలసిన సంగతి వినిపించకుండా పోతోంది. అందుకే వేలంలో ధర ఎలా పుడుతుందో మొదటి నుంచి చెప్పుకుందాం.

ఒక లాట్ టమాటాకు ముగ్గురు వ్యాపారులు వచ్చారనుకోండి. మొదటివాడికి బాక్సు 600 దాకా గిట్టుబాటు అవుతుంది. రెండోవాడికి 580, మూడోవాడికి 400. పాట 400 దాటగానే మూడోవాడు తప్పుకుంటాడు. 580 దాటగానే రెండోవాడు ఆగిపోతాడు. మొదటివాడు 590కి కొట్టేస్తాడు. అతని మనసులో 600 ఉన్నా ఆ మాట బయటికి రాదు, రావలసిన అవసరమూ లేదు. అంటే రైతుకు వచ్చే ధరను నిర్ణయించేది గెలిచినవాడి కంటే ఎక్కువగా, ఓడిపోయిన రెండోవాడు. ఇప్పుడు 640 పెట్టగల నాలుగోవాడు వచ్చాడనుకుందాం. ధర 600 దాటుతుంది. అదే మొదటి ఇద్దరూ టీ కొట్టు దగ్గర మాట్లాడుకుని, నువ్వు పాడొద్దు, సరుకు పంచుకుందాం అనుకుంటే పాట 400 పైన ఏ పదికో ఆగిపోతుంది. కాయ మారలేదు, ఢిల్లీలో గిరాకీ మారలేదు. రైతు మాత్రం బాక్సుకు 180 పోగొట్టుకున్నాడు.

వేలం గురించి తెలుసుకోవలసిన అసలు సంగతి ఇదే. పాట నోటితో పాడారా, ఫోన్‌లో పాడారా అన్నది దీని తర్వాతే. ఒకరితో ఒకరు కూడబలుక్కోని కొనుగోలుదారులు ఎంతమంది ఉన్నారన్నది ముందు. ఆన్‌లైన్ ఆ సంఖ్యను పెంచితే మేలు చేసినట్టు. పెంచకపోతే అదే మండీకి ఒక తెర తగిలించినట్టు, అంతే.

పెంచగలదనడానికి మనకు దగ్గరలోనే గట్టి రుజువుంది. తిరుమల తలనీలాలను దేవస్థానం ఒకప్పుడు టెండర్ల మీద అమ్మేది. కొనేవాళ్లు కొద్దిమంది, ఒకరికొకరు బాగా తెలిసినవాళ్లు. 2011లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎంఎస్‌టీసీ ద్వారా ఈ-వేలానికి మారారు. ఆ మార్పుతో తలనీలాల రాబడి వంద కోట్లు దాటింది. తెర వెనక ఎవరు పాడుతున్నారో పక్కవాడికి తెలియదు కాబట్టి ముందస్తు ఒప్పందాలు నిలవలేదు, దూరప్రాంతాల కొనుగోలుదారులకు దారి తెరుచుకుంది. ఆన్‌లైన్ వేలాన్ని నెత్తిన పెట్టుకునేవాళ్లు ఈ ఉదాహరణ చెబితే కాదనడానికి నా దగ్గర ఏమీ లేదు.

అయితే ఇది ఎందుకు పనిచేసిందో చూడకుండా, తిరుమలలో జరిగింది మదనపల్లెలోనూ జరుగుతుందనుకోవడం పొరపాటు. తలనీలాలను అమ్మకానికి ముందే పొడవును బట్టి రకాలుగా వేరు చేస్తారు. 31 అంగుళాలు, ఆపైన ఉన్నది మొదటి రకం. అక్కడి నుంచి దిగుతూ 5 అంగుళాల లోపుది ఐదో రకం. తెల్లజుట్టు వేరు. కాబట్టి ఎక్కడో కూర్చున్న వ్యాపారికి తను పాడుతున్నది దేనికో స్పష్టంగా తెలుసు. రెండోది, అమ్మేది ఒక్క పెద్ద సంస్థ. నచ్చిన ధర రాని రకాన్ని గిడ్డంగిలో ఉంచి వచ్చే వేలానికి పెట్టుకోగలదు. మూడోది, జుట్టు కుళ్లదు.

టమాటా రైతుకు ఈ మూడింటిలో ఒక్కటీ లేదు. కాయ రంగు, గట్టిదనం, సైజు, మచ్చలు అన్నీ మండీలో కంటితో చూసి తేల్చేవే. ఒకే తోటలో మొదటి కోత కాయకూ ఆరో కోత కాయకూ పోలిక ఉండదు. పది, ఇరవై బాక్సుల లాట్లు తెచ్చే చిన్న రైతులే ఎక్కువ. ధర నచ్చలేదని బాక్సులు వెనక్కి తీసుకుపోతే బాడుగ రెండింతలవుతుంది, మర్నాటికి కాయ మెత్తబడుతుంది. వద్దు అనగలిగే శక్తి లేని అమ్మకందారుడికి ఎంత గొప్ప వేదిక ఇచ్చినా బేరంలో బలం రాదు. 2023 జులై ఆఖరులో మదనపల్లెలో మేలురకం టమాటా కిలో 190 రూపాయలు దాటినప్పుడు ఏ సాఫ్ట్‌వేరూ ఆ ధర తేలేదు. సెప్టెంబరులో ధర కుప్పకూలినప్పుడు ఏ సాఫ్ట్‌వేరూ ఆపలేదు. ఆ ఎగుడుదిగుడులు సాగు విస్తీర్ణం, వాన, తెగులు, ఇతర రాష్ట్రాల పంట కలిసి తెచ్చేవి. వేలంపాట చేయగలిగింది ఆ రోజున్న గిరాకీలో రైతుకు న్యాయంగా రావలసినంత రాబట్టడమే.

ఈ-నామ్ కాగితం మీద ఎలా ఉంటుందో చూస్తే దాన్ని రూపొందించినవాళ్లకు ఈ చిక్కు తెలుసని అర్థమవుతుంది. గేటు దగ్గర రైతు పేరు, సరుకు నమోదు చేసి లాట్‌కు నంబరు ఇస్తారు. ల్యాబులో నమూనా తీసి నాణ్యత కొలుస్తారు. ఆ వివరాలు చూసి వ్యాపారులు తెర మీద పాడతారు. చివరి ధర రైతు ఫోన్‌కు వస్తుంది, ఇష్టమైతే ఒప్పుకోవచ్చు, లేదంటే కాదనవచ్చు. తూకం అయ్యాక డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఇందులో ఆయువుపట్టు రెండో మెట్టు, అంటే నాణ్యత కొలవడం. అది నమ్మకంగా జరిగితేనే కోల్‌కతా వ్యాపారి మదనపల్లె కాయకు ఇంట్లో కూర్చుని పాడతాడు. జరగకపోతే స్థానిక వ్యాపారులే సరుకును కళ్లతో చూసి, ఆ తర్వాత ఫోన్‌లో అంకె నొక్కుతారు. నోటితో ఖరారైన ధరనే తర్వాత కంప్యూటర్‌లో ఎక్కిస్తున్నారన్న విమర్శ దేశంలో చాలా మార్కెట్ల మీద వచ్చింది. ఒక మార్కెట్ సరుకుకు ఇంకో మార్కెట్ వ్యాపారి పాడటం, ఒక రాష్ట్రం సరుకుకు ఇంకో రాష్ట్రం నుంచి పాడటం మొత్తం వ్యాపారంలో కొంచెమే. ఈ-నామ్‌ను స్థాపించిందే అందుకోసం కాబట్టి ఈ విమర్శను తేలిగ్గా తీసుకోలేం. ఎండబెట్టి నిల్వ చేసుకోగల నిజామాబాద్ పసుపుకూ, కోల్డ్ స్టోరేజీలో దాచుకోగల గుంటూరు మిర్చికీ పనికొచ్చిన పద్ధతి, పొద్దున కోసి రాత్రికి లారీ ఎక్కాల్సిన పంటకు అంతే సులువుగా పనికిరాదు.

పొగడ్త ఎంత దూరం పోగలదో చెప్పడానికి మన పొరుగు రాష్ట్రమే చాలు. కర్ణాటక ఈ-నామ్ కంటే ముందే, 2014లో, తన మార్కెట్లన్నింటినీ ఒకే ఆన్‌లైన్ వేదిక మీదికి తేవడం మొదలుపెట్టింది. 2013–14తో పోలిస్తే 2015–16లో రైతులకు 38 శాతం ఎక్కువ వచ్చిందన్న అంకె నీతి ఆయోగ్ పేరుతో దేశమంతా తిరిగింది. ఇది చూడగానే ఎవరికైనా ఆశ పుడుతుంది. కానీ రెండేళ్ల ధరలను పక్కపక్కన పెట్టి చూస్తే అందులో కరువు కలిసి ఉంటుంది, ద్రవ్యోల్బణం కలిసి ఉంటుంది, పక్క రాష్ట్రాల దిగుబడి కలిసి ఉంటుంది. వేదిక వల్ల పెరిగింది ఎంతో ఆ లెక్కలో విడిగా తేలదు. అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు అదే కర్ణాటక మార్కెట్ల లెక్కలు తీసుకుని, మిగతా కారణాలను వేరు చేసి చూశారు. 2020లో ప్రచురించిన ఆ అధ్యయనం ప్రకారం వేదిక వల్ల వడ్ల ధర 5.1 శాతం, వేరుశనగ 3.6 శాతం, మొక్కజొన్న 3.5 శాతం పెరిగాయి. పత్తి, పెసలు, కందుల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఆ వేదికను నడిపిన అధికారి కూడా ఆ పరిశోధకుల్లో ఒకరు. తన పనికి వచ్చిన ఫలితం 38 కాదు, 5 అని ఒప్పుకునే లెక్కలో పాలుపంచుకున్న ఆ అధికారిని నేను మనస్ఫూర్తిగా గౌరవిస్తాను.

వేరుశనగ పండించే మన ప్రాంతానికి 3.6 శాతం చిన్న సంగతి కాదు. లక్ష రూపాయల పంటకు 3,600 అంటే కూలీల ఖర్చులో కొంతైనా తీరుతుంది. ఆన్‌లైన్ వేలం ఇచ్చే నిజమైన మేలు ఈ స్థాయిలో ఉంటుంది. 38 అని చెప్పి పంపితే, మొదటి సీజన్‌లో 4 వచ్చిన రైతు మోసపోయానని తిరిగి వస్తాడు. ఉన్న మేలునూ నమ్మడు. అతిగా పొగిడినవాళ్లు ఆ వేదికకు శత్రువుల కంటే ఎక్కువ చెడుపు చేస్తున్నారు.

తిట్టేవాళ్ల మాటల్లోనూ రెండు రకాలున్నాయి. సరుకును పరీక్షించే సిబ్బంది లేరు, సర్వర్ పనిచేయదు, డబ్బు ఆలస్యమవుతోంది, కూలీలకు సాయంత్రమే ఇవ్వాలి కదా అని రైతు అంటే అది అనుభవం మాట్లాడటం. ప్రతి అధికారీ దాన్ని రాసుకోవాలి. కానీ ఆన్‌లైన్ వద్దంటూ వినిపించే గొంతుల్లో పాత పద్ధతి వల్ల బతికేవాళ్లవీ ఉంటాయి. మదనపల్లె ప్రాంత మార్కెట్లలో రైతులు ఏళ్లుగా మొరపెట్టుకుంటున్న విషయాలు చూడండి. నిబంధనలో ఉన్నదానికి మించి కమీషన్ కోత. ‘జాక్‌పాట్’ పేరుతో పాటలో కొన్న బాక్సుల మీద మరికొన్ని బాక్సులు ఉచితంగా తీసుకోవడం. చిన్న తెల్లకాగితం మీద రాసిచ్చే లెక్క. ప్రతి లాట్‌కూ నంబరు, ప్రతి తూకానికీ రసీదు, ప్రతి రూపాయికీ బ్యాంకు జాడ ఉంటే ఇవన్నీ కష్టమవుతాయి. అందుకని వచ్చే వ్యతిరేకతను రైతు తన సొంత అభిప్రాయంగా మోయనక్కర్లేదు.

ఇంతదాకా ప్రభుత్వ వేదిక సంగతి. అక్కడ మితిమీరిన నమ్మకం వల్ల మహా అయితే ఆశాభంగం కలుగుతుంది. ప్రైవేటు వేదికల దగ్గర అదే నమ్మకం ఉన్నదంతా ఊడ్చుకుపోగలదు. దీనికి ప్రపంచంలో పెద్ద ఉదాహరణ అమెరికాలో, నార్త్ కరోలినా రాష్ట్రంలోని లెక్సింగ్టన్ అనే చిన్న ఊళ్లో పుట్టింది. పాల్ బర్క్స్ అనే వ్యక్తి అక్కడ జీక్లర్ అనే ఆన్‌లైన్ వేలం సైటు పెట్టాడు. అందులో ఒక్కొక్క పాటకూ డబ్బు కట్టాలి. ఒక పాటతో వస్తువు ధర ఒక్క సెంటు పెరుగుతుంది. చివరికి గెలిచినవాడికి వస్తువు కారుచౌకగా వస్తుంది, ఓడినవాళ్లందరూ పాటలకు కట్టిన డబ్బు సైటుకు మిగులుతుంది. ఇది వేలం కన్నా జూదానికే దగ్గర. దీనికి తోడుగా 2011లో జీక్ రివార్డ్స్ అనే పథకం వచ్చింది. డబ్బు పెట్టి పాటలు కొనండి, రోజుకో చిన్న ప్రకటన పెట్టండి, కొత్తవాళ్లను చేర్చండి, వేలం లాభాల్లో రోజూ వాటా ఇస్తాం అన్నారు. ఆ వాటా సగటున రోజుకు 1.5 శాతం. పెట్టిన సొమ్ము రెండు మూడు నెలల్లో రెండింతలయ్యే లెక్క ఇది. ఏ వేలం వ్యాపారం అంత లాభం తేగలదని అడిగినవాళ్లను తోటి సభ్యులే కసురుకున్నారు.

2012 ఆగస్టు 17న అక్కడి మార్కెట్ నియంత్రణ సంస్థ దాన్ని మూయించింది. అప్పటికి పోగైన సొమ్ము 60 కోట్ల డాలర్లు, సభ్యులు పది లక్షలకు పైమాటే. కంపెనీకి వచ్చిన ఆదాయంలో దాదాపు 98 శాతం కొత్త సభ్యులు కట్టిన డబ్బేనని ఆ సంస్థ చెప్పింది. వేలం ఒక ముసుగు, అంతే. అయినా చాలామంది సభ్యులు కంపెనీని వదిలి, దాన్ని మూయించిన ప్రభుత్వాన్నే తిట్టారు. బర్క్స్‌ను 2016లో జ్యూరీ దోషిగా తేల్చింది. మరుసటి ఏడాది 14 సంవత్సరాల 8 నెలల శిక్ష పడింది.

అంత గుడ్డినమ్మకం ఎలా వచ్చిందని వాళ్లను చూసి ఆశ్చర్యపోయే ముందు, డిపాజిట్లు కట్టించుకుని తిరిగి చెల్లించని మన అగ్రిగోల్డ్ కంపెనీని తలుచుకోవాలి. దాదాపు 32 లక్షల మంది డిపాజిటర్లు, 6 వేల కోట్లకు పైగా సొమ్ము. రాయలసీమలో ఆ డబ్బు కట్టించుకున్న ఏజెంటు బయటివాడు కాదు. మేనమామ కొడుకో, పక్కింటి టీచరో. కంపెనీ మీద అనుమానం వ్యక్తం చేయడమంటే ఆ మనిషిని అనుమానించినట్టే. ఏజెంటుకు కూడా వేరే దారి లేదు. తను చేర్పించిన యాభై కుటుంబాల ముందు కంపెనీ మంచిదని నమ్మకపోతే తను మోసగాడైపోతాడు. కాబట్టి చివరి రోజు దాకా నమ్ముతాడు, గట్టిగా వాదిస్తాడు. అమాయకత్వం కంటే ఇరుక్కుపోవడమే ఇలాంటి విధేయతకు ఎక్కువ కారణమని నా అభిప్రాయం.

సరుకు వ్యాపారంలోనూ ఈ దెబ్బ తగలకపోలేదు. 2008లో మొదలైన నేషనల్ స్పాట్ ఎక్స్ఛేంజ్‌ను రైతు సరుకుకు దేశవ్యాప్త ఆన్‌లైన్ మార్కెట్ అన్నారు. 2013 జులై 31న వ్యాపారం ఆగిపోయేసరికి దాదాపు 13 వేల మంది మదుపరులకు 5,600 కోట్లు రావలసి ఉంది. గోదాముల్లో ఉందన్న సరుకు చాలావరకు అక్కడ లేదు.

మళ్లీ పెద్దతిప్పసముద్రానికి వద్దాం. ఇక్కడి రైతు మండీ యజమానిని వదిలి ఆన్‌లైన్‌కు రాడు, పాతకాలపు మనిషి అని పట్నంలో కూర్చుని అనడం సులువు. నారుకు, కట్టెలకు, డ్రిప్పు పైపులకు, మందులకు అడ్వాన్సు ఇచ్చింది ఆ మండీ యజమానే. అర్ధరాత్రి ఫోన్ చేస్తే పలికేదీ ఆయనే. బోరు ఎండిపోయిన ఏడాది అప్పు వచ్చే పంటకు జరిపిందీ ఆయనే. దానికి బదులుగా కాయ ఆయన మండీకే పడాలి, కోత ఎంతైనా భరించాలి. బాకీ ఉన్న రైతు ముందు దేశంలోని మార్కెట్లన్నీ తెరిచినా ఆయనకు ఒక్క తలుపే తెరిచి ఉన్నట్టు. ఆన్‌లైన్ వేలం సఫలం కావాలని మనసారా కోరుకునేవాళ్లు ముందు బ్యాంకు పంటరుణం, కిసాన్ క్రెడిట్ కార్డు కౌలురైతుతో సహా చిన్న రైతుకు సకాలంలో అందేలా చూడాలి. అది జరగకుండా ఎన్ని యాప్‌లు తెచ్చినా ఉపయోగించుకునేది అప్పులేని పెద్ద రైతే.

రేపు ఎవరైనా కొత్త వేదికతో ఊళ్లోకి వస్తే పొగిడేవాళ్లనీ తిట్టేవాళ్లనీ కాసేపు పక్కన పెట్టి అడగవలసినవి ఉన్నాయి. ఈ కంపెనీకి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? అమ్మకం మీద రుసుము అయితే సరే, కొత్తవాళ్లను చేర్పిస్తే వచ్చేదైతే గుమ్మంలోంచే పంపేయాలి. కొన్నవాడి డబ్బు రైతుకు చేరేలోపు ఎవరి ఖాతాలో ఉంటుంది, ఎన్ని గంటలు ఉంటుంది? కాయ నాణ్యత కొలిచేది ఎవరు? దించుకున్నాక కాయ బాగాలేదని ధర కోస్తే ఆ తగాదా ఎవరు తీరుస్తారు? ధర నచ్చకపోతే సరుకును ఎక్కడ ఉంచాలి? దీన్ని మెచ్చుకుంటున్న మనిషికి ఇందులో కమీషన్ ఉందా? వద్దంటున్న మనిషికి దీనివల్ల పోయే కమీషన్ ఉందా?

రైతులు తమవైపు నుంచి చేయగలిగిందీ ఉంది. పదిమంది కలిసి ఒకే గ్రేడుగా ఏరి, మూడు వందల బాక్సులు ఒకే లాట్‌గా పెడితే దూరపు వ్యాపారికి పాడటానికి కారణం దొరుకుతుంది. రైతు ఉత్పత్తిదారుల సంఘాలకు ఇంతకంటే మంచి పని నాకు తోచడం లేదు. మార్కెట్ కమిటీలను అడగవలసింది మాత్రం ఒకటే, దానికి కొత్త సాఫ్ట్‌వేరు కూడా అక్కర్లేదు. రైతు ఫోన్‌కు వచ్చే సందేశంలో, మండీ ఇచ్చే చీటీలో ఖరారైన ధర ఉంటుంది. దాని పక్కన ఆ లాట్‌కు ఎంతమంది పాడారో, గెలిచినవాడికి ముందు ఆగిపోయిన పాట ఎంతో కూడా రాయాలి. రోజూ ఇద్దరే పాడుతున్న మార్కెట్ ఏదో, ఎనిమిదిమంది పాడుతున్న మార్కెట్ ఏదో నెల తిరిగేసరికి రైతులకే తెలిసిపోతుంది. బాక్సులు ఎటు వేయాలో వాళ్లే తేల్చుకుంటారు.